రెండో ఏడుపు

కిందటి నెల మా మనవడు ఒక పెనాల్టీ సంపాదించాడు. సంపాదించాడు అన్నానే గానీ, ఆ మాట నా నోట అంత తేలిగ్గా రావడం లేదు. ఎందుకు రావడం లేదో మీతో చెప్పుకుంటే కాస్త తెరిపిగా ఉంటుందని కూర్చున్నాను.

వాడికి పన్నెండు నిండి పదమూడు నడుస్తోంది. ఆదివారం పొద్దున్నే ఫుట్‌బాల్ కోచింగు. మా అమ్మాయికీ అల్లుడికీ ఎప్పుడూ ఏదో పని తగులుతుంది కనుక, వాడి నీళ్ళసీసా, తువ్వాలు, అరటిపళ్ళ సంచీ పట్టుకుని తోడు వెళ్ళే ఉద్యోగం నాది. ఆ రోజు మాత్రం పక్క పేట జట్టుతో పందెం కనుక అల్లుడు కూడా వచ్చాడు, ఫోను పట్టుకుని. ఆట చివరికొచ్చింది. చెరొక గోలూ అయి ఉన్నాయి. మావాడు బంతి తోసుకుంటూ వెళుతున్నాడు. నీలం చొక్కా వేసుకున్న సన్నటి కుర్రాడు ఒకడు అడ్డం వచ్చాడు. మావాడు కెవ్వుమని అరిచి, కూలబడి, మోకాలు పట్టుకుని మూడు పొర్లింతలు పొర్లాడు. నా గుండె ఆగినంత పనైంది. రిఫరీ విజిల్ వేశాడు. పెనాల్టీ. గోలు. గెలుపు. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను.

అయితే నేను కూర్చున్నది సరిగ్గా ఆ మూలనే. ఆ నీలం చొక్కా అబ్బాయి కాలు మావాడికి తగల్లేదు. జానెడు దూరంలో ఆగిపోయింది. పొర్లుతున్నప్పుడు వాడి కళ్ళు ముందు రిఫరీని కూడా కాదు, వాళ్ళ నాన్న చేతిలోని ఫోను వేపు చూశాయి. ఆ కుర్రాడు "నేను తన్నలేదు సార్, నేను తన్నలేదు" అంటూ చేతులు చాచుకుని నిలబడిపోయాడు. వాడి మొహం ఇంకా నా కళ్ళముందే ఉంది.

మధ్యాహ్నానికల్లా ఆ వీడియో మా చుట్టాలందరికీ చేరిపోయింది. ముందు పొర్లింతలు, తర్వాత గోలు, వెనక ఏదో సినిమా వాయిద్యం. "హీరో" అని మా ఆడపడుచు రాసింది. రాత్రి వాడి పక్కన కూర్చుని మెల్లిగా అడిగాను. "ఒరేయ్, నిజంగా తగిలిందా?" వాడు ఏమాత్రం తడుముకోలేదు. "లేదమ్మమ్మా. కానీ టీవీలో పెద్ద పెద్దవాళ్ళందరూ అలాగే పడతారు. జనం చూసేది అదేగా. ఇప్పుడు ఫుట్‌బాల్ అంటే ఎంటర్‌టైన్‌మెంట్."

పదమూడేళ్ళ పిల్లాడి నోట ఆ మాట విని నాకు పొరబోయింది. అబద్ధం చెప్పినందుకు కాదు, వాడు నిజమే చెప్పాడు. ఆట మారిపోయిందని వాడికి తెలుసు. నాకే తెలీదు.

మా నాన్నగారుంటే ఏమనేవారా అనుకున్నాను. ఆయన సికిందరాబాదులో తపాలా శాఖ గుమాస్తా. ఆయనకి దేవుళ్ళు ఇద్దరే. ఒకరు వేంకటేశ్వరస్వామి, రెండోవారు రహీం సాహెబు. సయ్యద్ అబ్దుల్ రహీం అంటే ఈ మధ్య, 2024లో వచ్చిన హిందీ సినిమా వల్ల కొందరికి తెలిసింది గానీ, మా ఇంట్లో అన్నం కలుపుతూ చెప్పుకునే పేరది. బడిపంతులుగా పనిచేసిన ఆ మనిషి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకి ఆట నేర్పితే, వాళ్ళు బొంబాయి రోవర్స్ కప్పుని 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు తెచ్చారు. ఆయన శిక్షణలోనే మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఏషియాడ్‌లో దక్షిణ కొరియా మీద రెండు ఒకటి తేడాతో గెలిచి బంగారు పతకం తెచ్చింది. ఆ జట్టులో మా సికిందరాబాదు అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు. తలకి కుట్లు పడ్డ జర్నైల్ సింగు ఉన్నాడు, ఆ కుట్ల తలతోనే ఒక గోలు కొట్టాడు. ఆ వేళ మైదానమంతా మన జట్టుకి ఎదురుగా కేకలు వేసే జనమేనట. రహీం సాహెబుకి అప్పటికే కాన్సరు. మరుసటేడు జూన్‌లో పోయారు.

ఇవన్నీ చెప్పేటప్పుడు నాన్నగారి గొంతు మారిపోయేది. "అది ఆట తల్లీ! డబ్బు లేదు, దస్కం లేదు. శుద్ధమైన ఆట!" అనేవారు.

ఆ శుద్ధి అనే మాట దగ్గరే నాకు చిక్కొచ్చి పడింది. ఎంచేతనంటే నేను ఆ శుద్ధమైన ఆటని ఒక్కనాడు కూడా చూడలేదు. అన్నయ్యలిద్దర్నీ సైకిలు మీద ఎక్కించుకుని ఫతే మైదానానికి తీసికెళ్ళేవారు నాన్నగారు. నేనూ వస్తానని పరికిణీ ఎత్తి పట్టుకుని గేటుదాకా పరిగెత్తేదాన్ని. "అక్కడంతా మగాళ్ళుంటారమ్మా, నీకేం పని?" అనేవారు. కోప్పడి కాదు, ముద్దుగానే. సైకిలు మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని నుంచునేదాన్ని.

మడి కట్టుకోవడం మనందరికీ తెలిసినదే కదా. మడి అన్నాక ఎవరో ఒకరు దూరంగా నుంచోవాలి. అందరూ లోపలికి వచ్చేస్తే ఇక మడి ఏముంది? ఫుట్‌బాలు మడీ అలాంటిదే. ఆట పుట్టింటి సంగతే చూడండి. ఇంగ్లండులో ప్రెస్టన్ అని ఒక ఊరుంది. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో అక్కడి డిక్ కెర్ అనే ఫాక్టరీలో పనిచేసే ఆడపిల్లలు ఒక ఫుట్‌బాల్ జట్టు కట్టారు. దానధర్మాలకి డబ్బు పోగుచెయ్యడానికి ఆడారు. 1920 క్రిస్మస్ మర్నాడు లివర్‌పూల్ ఊళ్ళో వాళ్ళ ఆట చూడ్డానికి 53 వేలమంది వచ్చారు. మర్నాటి సంవత్సరం డిసెంబరులో అక్కడి ఫుట్‌బాల్ సంఘం పెద్దలు ఈ ఆట ఆడవాళ్ళకి తగదని తీర్మానించి, తమ మైదానాల్లో వాళ్ళని అడుగు పెట్టనివ్వద్దన్నారు. ఆ అడ్డు తొలగడానికి ఏభై ఏళ్ళు పట్టింది. అదే ఇంగ్లండులో 2022లో ఆడవాళ్ళ యూరప్ కప్పు ఫైనల్‌కి 87 వేలమంది పైగా వచ్చారు, వాళ్ళ అమ్మాయిలు జర్మనీ మీద నెగ్గారు. ఆ 53 వేలకీ ఈ 87 వేలకీ మధ్య ఎంతమంది ఆడపిల్లలు నాలాగా గేటు పట్టుకుని నుంచున్నారో!

కనుక పాతదంతా బంగారం అనను. అదే ప్రెస్టన్‌లో టామ్ ఫినీ అని ఇంగ్లండు దేశం తరపున ఆడిన గొప్ప ఆటగాడుండేవాడు. ఆయన ఆటతోపాటు పంపులు బాగుచేసే పని కూడా చేసేవాడు. వినడానికి ముచ్చటగా ఉంటుంది. పంపు కారుతోందంటే దేశం జట్టులో ఆడే మనిషి సంచీ పట్టుకుని వస్తాడన్నమాట! కానీ అది ముచ్చటకి కాదు కదా, బతుకు కోసం. 1961 దాకా అక్కడ ఆటగాడికి వారానికి ఇరవై పౌన్లకి మించి జీతమివ్వకూడదని నియమం ఉండేది. వేలమంది టిక్కెట్టు కొనుక్కుని వస్తే ఆ డబ్బు ఎవరి పెట్టెలోకి వెళ్ళేదో వేరే చెప్పాలా? శుద్ధి అంతా ఆటగాడికి, లాభం యజమానికి. మన ఇళ్ళలో కూడా "ఆవిడకేం, మహాతల్లి, ఏమీ ఆశించదు" అని పొగిడి పొగిడి కోడలి చేత చాకిరీ చేయించుకునేవాళ్ళు ఉండేవారు కాదూ?

ఇక చూసేవాళ్ళ సంగతంటారా, వాళ్ళని పశువుల్లా కంచెల వెనక తోసేవారు. 1989 ఏప్రిల్‌లో షెఫీల్డ్‌లో హిల్స్‌బరో మైదానంలో ఆ కంచెల మధ్య నలిగిపోయి పోయినవాళ్ళ లెక్క చివరికి 97కి తేలింది. పొద్దున్న ఇంట్లో టిఫిను తిని ఆటకని వెళ్ళిన పిల్లలు. ఆ తరవాతే అక్కడి పెద్ద మైదానాల్లో అందరికీ కుర్చీలు వచ్చాయి. కుర్చీలతోపాటు టిక్కెట్టు ధరలూ ఎక్కాయి. 1992లో ప్రీమియర్ లీగు మొదలైంది, ఉపగ్రహ టీవీవాళ్ళు కోట్ల పౌన్లు కుమ్మరించారు. ఆ మొదటి రోజుల్లో ఆటకి ముందు డాన్సు పిల్లలు, బాణసంచా కూడా తెచ్చారట. అక్కడి జనం నవ్వి ఊరుకున్నారు. తర్వాతెప్పుడో డాన్సు పిల్లలు వెళ్ళిపోయారు గానీ, డాన్సు మాత్రం ఆటలోకే వచ్చేసింది. ఇప్పుడు గోలు కొట్టినవాడు ముందు కెమెరా ఎక్కడుందో వెతుక్కుంటాడు. 2017లో ఒక ఆటగాణ్ణి ఒక క్లబ్బు నుంచి ఇంకో క్లబ్బు 22 కోట్ల 20 లక్షల యూరోలకి తీసుకుంది. బ్రెజిల్ కుర్రాడు నెయ్‌మార్. 2025 జూలైలో అమెరికాలో జరిగిన క్లబ్బుల ప్రపంచ కప్పు ఫైనల్‌లో ఆట సగంలో ఆపి పాటకచేరీ పెట్టారు. మన పెళ్ళిళ్ళలో ముహూర్తం దాటిపోతున్నా సంగీత్ ఆగనట్టే.

అయితే ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ టీవీయే లేకపోతే నాకు ఫుట్‌బాలే లేదు. 1986లో మెక్సికోలో ప్రపంచ కప్పు పోటీల్ని దూరదర్శన్‌లో చూపించారు. నేను చంటిపిల్లతో పుట్టింటికి వచ్చి ఉన్నాను. అర్ధరాత్రి కావస్తోంది. నాన్నగారు టీవీ ముందు ఒక్కరూ కూర్చుని ఉన్నారు. పిల్లని భుజాన వేసుకుని నేనూ పక్కన కూర్చున్నాను. నన్నెప్పుడూ మైదానానికి తీసుకెళ్ళని మనిషి, ఆ రాత్రి ఆట అంతా నాకు విడమరిచి చెప్పారు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో చెప్పడానికి అగ్గిపుల్లలు, చింతగింజలు నేలమీద పరిచారు. మరడోనా చేత్తో బంతిని గోల్లోకి నెట్టడం చూసి ఛీ అన్నారు. నాలుగు నిమిషాల్లో అదే మనిషి సగం మైదానం దాటుకుంటూ, ఒక్కొక్కర్నీ తప్పించుకుంటూ వెళ్ళి రెండో గోలు కొట్టాడు. నాన్నగారు లేచి నుంచున్నారు. "మొదటిది దొంగిలించాడు. రెండోది సంపాదించుకున్నాడు" అన్నారు. నా మనవడి విషయంలో సంపాదించాడు అనే మాట గొంతులో అడ్డం పడింది అన్నాను చూశారూ, ఆ రాత్రి నుంచి ఆ మాటకి నాకు అదే అర్థం.

మరైతే తప్పు ఎక్కడుంది? డబ్బులో లేదు. ఆటగాడికి కడుపు నిండాలి. చూడ్డంలో లేదు. జకార్తాలో లక్షమంది చూశారు, కేకలు వేశారు, జర్నైల్ సింగు కుట్ల తల చెక్కుచెదరలేదు. ఆడంబరంలోనూ పూర్తిగా లేదనుకుంటాను. దేవుడి కల్యాణానికి కూడా మేళాలు పెడతాం. నాకు తోచింది ఒకటే. ఆటలో ఓడిపోయే అవకాశం ఉండాలి. ఆ భయం తీసేసిన రోజు అది వినోదమే అవుతుంది, ఆట కాదు.

అందుకు పెద్ద సాక్ష్యం ఒకటుంది. 2021 ఏప్రిల్‌లో యూరప్‌లోని పన్నెండు గొప్ప క్లబ్బులు కలిసి సూపర్ లీగు అని ప్రకటించాయి. స్థాపకులు ఎంత చెత్తగా ఆడినా ఎప్పుడూ అందులోనే ఉంటారు. కింది తరగతికి దిగిపోయే బెడద లేదు. పెద్దవాళ్ళతో పెద్దవాళ్ళు, ఏడాది పొడుగునా పండగే! వినోదానికి అంతకన్నా ఏం కావాలి? అయినా ఇంగ్లండులో ఆ క్లబ్బుల్ని ప్రాణంలా చూసుకునే జనమే వీధిలోకి వచ్చి వద్దన్నారు. రెండు రోజుల్లో ఆరు ఇంగ్లీషు క్లబ్బులూ వెనక్కి తగ్గాయి. ఆ జనమేమీ సన్యాసులు కారు. తారలూ కావాలి, తళుకులూ కావాలి వాళ్ళకి. కానీ ఓటమి లేని ఆట వద్దన్నారు. ఎంతైనా గొప్ప తీర్పు అది.

రెండో సాక్ష్యం మన ఊరిదే. ఇండియన్ సూపర్ లీగు 2014లో మొదలైంది, సినిమా తారల హంగులతో. 2016లో మన చిరంజీవి, నాగార్జున కేరళ జట్టులో వాటాదారులు కూడా అయ్యారు. 2019లో హైదరాబాదుకీ ఒక క్లబ్బు వచ్చింది. 2022 మార్చిలో అదే కేరళ జట్టుని ఓడించి కప్పు కూడా గెలిచింది. రహీం సాహెబు ఊరికి మళ్ళీ రోజులొచ్చాయని మావారు మిఠాయి తెచ్చారు. 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్ళిపోయింది. సర్కసువాళ్ళు గుడారం ఎత్తుకెళ్ళినట్టు. సర్కసు వెళ్ళిపోతే ఎవరూ ఏడవరు, మళ్ళీ ఏడు వస్తుంది. జట్టు అలా కాదు కదా! అది ఆ ఊరిది. పోలీసు జట్టు కప్పు గెలిస్తే నాన్నగారు వీధిలో అందరికీ చెప్పుకున్నారు, తన కొడుకు పరీక్ష పాసైనట్టు.

ఇంతా ఆలోచించాక మనవణ్ణి పిలిచి గట్టిగా నాలుగు మాటలు చెప్పాలనుకున్నాను. ఇంగ్లండులో రాబీ ఫౌలర్ అనే కుర్రాడి కథ చెబుదామని. 1997లో ఆర్సెనల్‌తో ఆటలో వాడు కింద పడితే రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు. గోల్‌కీపరు నన్ను తగల్లేదు, వద్దు వద్దని ఫౌలరే చేతులూపాడు. రిఫరీ వినలేదు. ఫౌలర్ కొట్టిన బంతిని గోల్‌కీపరు ఆపేశాడు. తిరిగొచ్చిన బంతిని ఇంకొకడు గోలు చేశాడు. తరవాత ఫౌలర్, పెనాల్టీ కావాలని పోగొట్టలేదని కూడా ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీ ఇంకా నచ్చింది నాకు. ఈ కథ మంచి కథే. చెప్పబోయాను కూడా. కానీ టీవీ కింద పెట్టెలో ఉన్న మా అమ్మాయి పెళ్ళి సీడీ మీద కన్ను పడింది.

2008లో మా అమ్మాయి పెళ్ళి. అప్పగింతలప్పుడు దాని చెయ్యి పాలపళ్ళెంలో పెట్టి అత్తగారి చేతికి ఇస్తుంటే నాకు లోపల్నించి పొంగుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. అది కూడా నా మెడ పట్టుకుని వదల్లేదు. అంతలో వీడియో కుర్రాడు వచ్చి, "అమ్మగారూ, లైటు ఆరిపోయిందండీ, సరిగ్గా రాలేదు. ఏమనుకోకపోతే ఇంకొక్కసారి" అన్నాడు. ఏమనుకోవాలో నాకు తోచలేదు. అందరూ చూస్తున్నారు. పళ్ళెం మళ్ళీ పట్టారు. నేను మళ్ళీ ఏడ్చాను. ఈసారి కొంగు నోట్లో కుక్కుకోలేదు, మొహం కనబడదని. కాస్త లైటు వేపు తిరిగాను కూడా. వీడియోలో అదే ఉంది. చూసినవాళ్ళందరూ, "ఎంత బాగా వచ్చిందండీ ఆ ఘట్టం!" అంటారు. నేనూ తల ఊపుతూ వచ్చాను, ఇన్నేళ్ళూ.

మూడు పొర్లింతలు పొర్లిన మనవడికీ నాకూ తేడా ఏమైనా ఉందా? ఒక్కటుంది. నా రెండో ఏడుపు వల్ల ఇంకొకరికి నష్టం జరగలేదు. వాడి పొర్లింతల వల్ల ఆ నీలం చొక్కా కుర్రాడు చెయ్యని తప్పుకి దోషి అయ్యాడు. ప్రదర్శన అబద్ధమైనా ఒక్కొక్కప్పుడు ఫరవాలేదు గానీ, ఆటలో ఎదురుగా ఇంకో మనిషి ఉంటాడు. సినిమాలో హీరో దెబ్బ తింటే విలన్‌కి జీతం ముడుతుంది. మైదానంలో అలా కాదే!

ఫౌలర్ కథ మానేసి, పెసరట్టు వేస్తూ వాడికి నా పెళ్ళి వీడియో కథ చెప్పాను. ముందు పకపకా నవ్వాడు. "అమ్మమ్మా, నువ్వు కూడా డైవ్ కొట్టావా!" అన్నాడు. తర్వాత కాసేపు అట్టు తుంపుతూ ఊరుకున్నాడు. "మరి మొదటి ఏడుపు ఎక్కడుంది?" అని అడిగాడు.

"ఎక్కడా లేదురా. నాకూ మీ అమ్మకీ తెలుసు, అంతే" అన్నాను.

సాయంత్రం వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళి ఆ వీడియో తీసేయమన్నాడట. అల్లుడు ఆశ్చర్యపోయి, తీసేశాడు. తీసేసినంత మాత్రాన స్కోరు మారదు. మా ఆడపడుచు దగ్గర ఉండనే ఉంటుంది. ఆ కుర్రాడికి సారీ చెబుదామా అన్నాడు వాడు రాత్రి పడుకోబోతూ. చెబుదాం నాన్నా అన్నాను. తీరా చూస్తే వాడి పేరు మాకెవరికీ తెలీదు. నీలం చొక్కా అబ్బాయి, అంతే. అంత సేపు ఆ వీడియోలో ఉన్నాడు, ఎవరూ వాడి పేరు అడగలేదు. నేను కూడా.

వచ్చే ఆదివారం మళ్ళీ ఆ పేట జట్టుతోనే ఆట ఉందిట. సంచీ సర్దుకుని నేనూ వెళుతున్నాను. అరటిపళ్ళు కాస్త ఎక్కువే తీసికెళతాను, ఎవరికైనా ఇవ్వాల్సొస్తే ఉంటాయని. ఇప్పుడు పెద్ద పోటీల్లో గోలు పడ్డాక కూడా టీవీలో మరోసారి చూసి, సందేహం తీర్చుకునిగాని ఖాయం చెయ్యడం లేదు కదా! నేనూ ఈసారి చప్పట్లు కొట్టేముందు ఒక్క క్షణం ఆగుదామనుకుంటున్నాను. ఈ వయసులో నాకేం తొందర?